ఏసీకీ ఆదివారం తలంటు

శివరాత్రి వెళ్లింది. చలి కూడా శివశివా అంటూ వెళ్లిపోయింది. మధ్యాహ్నం మేడ మీద ఆరేసిన బట్టలు తేవాలంటే అప్పుడే చెప్పులు వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంకో వారం పది రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటే హడావుడి. వరండా మూల పాత దుప్పటి కప్పుకుని పడుకున్న కూలర్‌ని నిద్ర లేపుతారు. ఆర్నెల్లుగా ముట్టుకోని ఏసీ రిమోట్ కోసం ఇల్లంతా గాలిస్తారు. రిమోట్ దొరికితే అందులో సెల్స్ ఉండవు. సెల్స్ వేస్తే ఏసీ బుర్రుమంటుంది కానీ గది చల్లబడదు. ‘ఈసారి కొత్తది కొనాల్సిందే’ అని ఇంట్లో ఒకరంటారు. ‘మనుషులమే పాతబడిపోయాం, దానిదేముంది’ అని ఇంకొకరంటారు.

వారానికోసారి పిల్లలకు తలంటు పోస్తాం. స్కూటర్ కడుగుతాం. పండగొస్తే గుమ్మాలకు పసుపు రాస్తాం. కానీ ఏడాదంతా ఇంటి దుమ్మంతా మింగే ఏసీకి మాత్రం ఒక్కసారైనా నీళ్లు చూపించం. ఆ సంగతి నాకు తెలిసొచ్చింది పుస్తకాలు చదివి కాదు. మా అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాక.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందంటే...

మూడేళ్ల క్రితం మాట. మేముండేది విజయవాడలో, అపార్ట్‌మెంట్ పై అంతస్తు. అంటే మా నెత్తి మీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పడగ్గదిలో ఏసీ మొరాయించింది. మెకానిక్‌ని పిలిపిస్తే వచ్చి, చెవి ఆనించి విని, ‘గ్యాస్ అయిపోయిందండీ’ అన్నాడు. మూడు వేలు తీసుకుని గ్యాస్ నింపి వెళ్లాడు. నాలుగు రోజులు కాస్త నయం. తర్వాత మళ్లీ మామూలే.

మే నెల వచ్చింది. అత్తయ్యకి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తూ ‘మధ్యాహ్నం ఏసీ వేసుకుని పడుకోండి’ అని రోజూ చెప్పేవాళ్లం. ఆవిడ సరేననేవారు. మేం లిఫ్ట్ దిగేలోపు కట్టేసేవారు. ‘ఒక్క ప్రాణానికి అంత కరెంటు దేనికే అమ్మాయ్?’ అనేది ఆవిడ వాదన.

ఒకరోజు తలనొప్పిగా ఉండి మూడింటికే ఇంటికొచ్చాను. ఫ్యాను తిరుగుతోంది, గది మాత్రం కొలిమిలా ఉంది. అత్తయ్య మంచం మీద ఒరిగిపోయి ఉన్నారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. నన్ను చూసి, ఎప్పుడో పోయిన వాళ్ల అక్కయ్య పేరు పెట్టి పిలిచారు. నా కాళ్లలో సత్తువ పోయింది. పక్కింటి బాబాయిగారు పరుగెత్తుకొచ్చారు. పిన్నిగారు బకెట్‌తో నీళ్లు తెచ్చి తడిబట్టలు కప్పారు. 108 వచ్చేదాకా విసురుతూనే ఉన్నాం. దేవుడి దయ, మూడో రోజుకి ఇంటికొచ్చారు.

వచ్చాక నెమ్మదిగా అడిగితే చెప్పారు: ‘వేశానే తల్లీ ఆ వేళ. అరగంట చూశాను. చప్పుడే తప్ప చల్లదనం లేదు. డబ్బు దండగని ఆపేశాను.’

బాబాయిగారు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ మాట విని కుర్చీ వేసుకుని ఎక్కి, ఏసీ ముందు తలుపు పైకెత్తారు. లోపలున్న జాలీని బయటికి లాగారు. అది జాలీ కాదు, బూడిదరంగు కంబళి! అంత దుమ్ము. మూడు వేలు తీసుకున్నవాడు ఆ తలుపు తెరిచిన పాపాన పోలేదు. తెరవాలని మాకూ తెలియలేదు. బాత్‌రూమ్ కుళాయి కింద పది నిమిషాలు కడిగి, ఆరబెట్టి పెడితే గది చల్లబడింది. దానికి అయిన ఖర్చు ఒక బకెట్ నీళ్లు.

మాది ఒక్క ఇల్లు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. పెద్దవయసులో దాహం తెలియదు. ఒంటి వేడిని చెమట రూపంలో బయటికి పంపే శక్తీ తగ్గుతుంది. మనకి సుఖమనిపించే చల్లదనం వాళ్లకి మందులాంటిది.

ఏసీ చలిని తయారుచేయదు

ఏసీ అంటే చల్లగాలి పుట్టించే యంత్రమని మనం అనుకుంటాం. కాదు. అది కూలీ. గదిలో వేడిని మూటగట్టి బయట పారేసి వస్తుంది. లోపలి యూనిట్ గదిలో గాలిని పీల్చి, చల్లటి గొట్టాల మీదుగా పోనిచ్చి వదులుతుంది. ఆ గొట్టాల్లో తిరిగే గ్యాస్ వేడిని మోసుకెళ్లి బయటి యూనిట్‌లో దించుతుంది. అక్కడి ఫ్యాను ఆ వేడిని వీధిలోకి తోస్తుంది.

‘టన్ను’ అంటే బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని మోసే శక్తి. అంటే సుమారు 3.5 కిలోవాట్లు. టన్నున్నర ఏసీ 5 కిలోవాట్లకు పైగా వేడిని మోస్తుంది. పాత మూడు స్టార్ల రకమైతే అందుకు గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ కరెంటు తింటుంది.

ఈ కూలీకి ఇటు లోపలా, అటు బయటా దారి ఖాళీగా ఉండాలి. లోపల జాలీ మూసుకుపోతే వేడి ఎత్తుకోలేదు. బయట అడ్డముంటే దించుకోలేదు. పని జరగదు, మీటర్ మాత్రం తిరుగుతుంది. ఏసీ సంరక్షణ అంటే ఇంతే, గాలికి దారి ఇవ్వడం.

పక్షానికోసారి తలంటు

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. రిమోట్‌తో ఆపితే చాలదు. ముందు తలుపు రెండు వైపులా పట్టి పైకెత్తితే జాలీలు కనిపిస్తాయి. కాస్త పైకి నొక్కి లాగితే వచ్చేస్తాయి. దుమ్ము పట్టిన వైపు కాకుండా రెండో వైపు నుంచి నీళ్లు పోయండి, దుమ్ము ఊడి పడుతుంది. వేడినీళ్లు వద్దు, బట్టల బ్రష్షూ వద్దు. జిడ్డుంటే చిటికెడు సబ్బుపొడి చాలు. నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాక పెట్టండి. వేసవిలో పదిహేను రోజులకోసారి చేయండి. రోడ్డు పక్క ఇల్లయితే వారానికోసారి.

మూసుకుపోయిన ఫిల్టర్‌ని శుభ్రం చేస్తే ఏసీ తినే కరెంటులో 5 నుంచి 15 శాతం మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. నెలకు ఏసీ ఒక్కటే రెండొందల యూనిట్లు కాలుస్తుందనుకుంటే పది నుంచి ముప్ఫై యూనిట్లన్నమాట. మన కరెంటు బిల్లు స్లాబుల లెక్క మీకు తెలిసిందే. ఆఖరి ముప్ఫై యూనిట్లే ఎక్కువ రేటు యూనిట్లు.

బయటి యూనిట్‌ని ఓసారి వెళ్లి చూడండి. దాని ముందు పాత సైకిల్, పూలకుండీలు, ఆరేసిన దుప్పటి... ఏదో ఒకటి ఉంటుంది. వెనక పావురాల కాపురం ఉంటుంది. అన్నీ తీసేయండి. ఎండ తగలకుండా పైన రేకు వేస్తే మంచిదే కానీ, చుట్టూ పెట్టెలా మూసేయకండి. వేడి అందులోనే తిరుగుతుంది.

ఏడాదికోసారి, వీలైతే రెండుసార్లు, మెకానిక్‌తో నీళ్ల సర్వీసింగ్ చేయించండి. లోపలి గొట్టాలు, ఫ్యాను, బయటి యూనిట్ రేకులు మనం కడగగలిగేవి కావు. ఆ పని మార్చిలోనే పెట్టుకోండి. రోహిణి కార్తెలో ఫోన్ చేస్తే మెకానిక్ దొరకడం, రైల్లో కిటికీ సీటు దొరకడం ఒకటే.

ఏసీ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయా? కంగారు పడకండి. గాలిలో తేమ నీరై ఓ సన్నగొట్టం ద్వారా బయటికి పోతుంది. మన కోస్తాలో ఆ నీళ్లు బకెట్ల లెక్కన వస్తాయి. గొట్టంలో పాచి పట్టినా, దుమ్ము అడ్డం పడినా నీళ్లు వెనక్కి తన్ని బీరువా మీద పడతాయి. సాధారణంగా గొట్టం శుభ్రం చేస్తే సరిపోతుంది.

గ్యాస్ ‘అయిపోతుందా’?

ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏసీలో గ్యాస్ వంటగ్యాస్ లాంటిది కాదు. వాడితే తరగదు. గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారేచోటు పట్టుకుని అతుకు వేయకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కాబట్టి ‘గ్యాస్ నింపాలి’ అనగానే రెండు ప్రశ్నలు వేయండి. ‘ఫిల్టరూ, లోపలి గొట్టాలూ చూశారా?’ ‘లీకు ఎక్కడుందో చూపిస్తారా?’ మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. మీటర్ పెట్టి ఒత్తిడి చూపిస్తాడు, సబ్బు నురగ రాసి బుడగలు చూపిస్తాడు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా అంటుకునే గుణం ఉంది. ఆ పని తెలిసినవాడి చేతే చేయించాలి. ఏ గ్యాస్ నింపాలో యూనిట్ మీద స్టిక్కర్‌పై రాసి ఉంటుంది, అదే నింపమనండి.

లోపలి గొట్టాల మీద మంచు పేరుకుంటే ‘అబ్బ, ఎంత చల్లగా ఉందో’ అని మురిసిపోకండి. అది జబ్బు లక్షణం. గాలి అందకో, గ్యాస్ తగ్గో అలా అవుతుంది. చల్లదనం ఆపి ఫ్యాన్ మోడ్‌లో పెట్టి మంచు కరిగించండి. ఫిల్టర్ కడిగాక కూడా మళ్లీ పడితే మెకానిక్‌ని పిలవండి.

ఇంకొక్క మాట. ఏసీకి సొంత పవర్ ప్లగ్, సొంత వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి నడపొద్దు. ప్లగ్ ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఆ క్షణమే ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఇరవై నాలుగా? ఇరవై ఆరా?

బయటి నుంచి రాగానే 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మామూలు ఏసీ అయితే 18 పెట్టినా 25 పెట్టినా అదే వేగంతో పనిచేస్తుంది. తేడా ఎక్కడ ఆగుతుందన్నదే. 18 పెడితే చాలా ఇళ్లలో అసలు ఆగదు. తెల్లవారుజామున రగ్గు కప్పుకుని వణుకుతాం, రగ్గుకోసం కరెంటు బిల్లు కడతాం.

ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ, అంటే స్టార్ గుర్తులిచ్చే బీఈఈ చెబుతోంది. 22 నుంచి 26కి వెళ్తే ఐదోవంతుకు పైనే. 2020 జనవరి నుంచి, స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన కూడా వచ్చింది. 26 పెట్టి, పైన ఫ్యాను చిన్నగా తిప్పండి. ఒంటికి గాలి తగులుతుంటే హాయిగా నిద్ర పడుతుంది. మామూలు ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ రకం 30 వాట్ల చిల్లర. రాత్రంతా తిరిగినా యూనిట్ దాటదు.

అయితే ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకోకండి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లార్చదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. మా అత్తయ్య విషయంలో జరిగింది అదే. అలాంటప్పుడు ఒళ్లు తడుపుకుంటూ ఉండాలి. లేదా చల్లటి చోటికి చేరాలి.

కూలర్‌కి కిటికీ తెరవాలి

ఏసీ గదికి తలుపులు వేయాలి, కూలర్ గదికి తెరవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరయితే గాలి నుంచి దాదాపు 0.67 యూనిట్ వేడిని లాగేసుకుంటుంది. కానీ ఆ తేమగాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గది ఆవిరిపొయ్యి అవుతుంది. కూలర్‌ని కిటికీ దగ్గర బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కొద్దిగా తెరవండి.

అనంతపురం, కర్నూలు, నిజామాబాద్, రామగుండంలాంటి పొడి ఎండల ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో కూలర్ చక్కగా పనిచేస్తుంది, కరెంటూ తక్కువే. మచిలీపట్నం, కాకినాడ, విశాఖల్లో గాలిలోనే చెమట ఉంటుంది కాబట్టి పెద్దగా లాభం ఉండదు.

కొత్త సీజన్‌కి గడ్డి మార్చండి. ఉప్పునీళ్లయితే గడ్డి మీద తెల్లటి పొర కట్టి గాలి ఆడదు. వట్టివేళ్ల తడక వాసనా బాగుంటుంది, చల్లదనమూ వస్తుంది. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, తొట్టిని లోపల రుద్ది, ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు తొట్టి గోడకి అంటుకుంటాయి, అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, రుద్దాలి. మన దగ్గర ‘ఫ్రైడే డ్రై డే’ అని ఊరికే పెట్టలేదు.

అన్నిటికంటే ముఖ్యం, ప్లగ్ తీశాకే నీళ్లు పోయండి. ఇనుప కూలర్ ముట్టుకుని షాక్ తగిలిందన్న వార్త లేకుండా ఏ వేసవీ వెళ్లదు. సీజన్ మొదట్లోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. మూడు పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో పెట్టించుకుంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం.

నెత్తి మీద ఎండ

ఏసీ మోసే వేడిలో చాలాభాగం మనం చేజేతులా లోపలికి రానిచ్చిందే. పడమటి కిటికీకి మధ్యాహ్నం పన్నెండుకే మందపాటి తెర వేయండి. బయటివైపు తడికో చాపో కడితే ఇంకా మంచిది, ఎండ అద్దం దాకా రాదు. తలుపు కింద సందుకి పాత చీర చుట్టి పెట్టండి. ఇస్త్రీ, పప్పు ఉడకబెట్టడం పొద్దున్నే ముగించండి. తెల్లవారుజామున కిటికీలన్నీ బార్లా తెరిచి ఇంటిని ఊపిరి పీల్చుకోనివ్వండి.

పై అంతస్తు వాళ్లకి ఒకే మాట, మేడకి సున్నం. సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు చేతులు వేస్తే తెల్లటి పొర ఎండని తిప్పికొడుతుంది. లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గే అవకాశం ఉంది. మన తాతల నాటి ఈ పద్ధతినే ఇప్పుడు ‘కూల్ రూఫ్’ అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. మా అపార్ట్‌మెంట్‌లో కింద అంతస్తుల వాళ్లు మొదట ‘మాకేంటి?’ అన్నారు. అత్తయ్య సంగతి చూశాక చందాలు వేసుకున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లకి ఇంకో మాట. వడదెబ్బ ఎండలో తిరిగితేనే తగలదు, వేడెక్కిన గదిలో కూర్చున్నా తగులుతుంది. ఒళ్లు విపరీతంగా కాలడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఫిట్స్... ఇందులో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

పొదుపంటే ఆపేయడమని మా అత్తయ్య తరం నేర్చుకుంది. ఒక బల్బు వెలుతురులో నలుగురు పిల్లల్ని చదివించిన మనిషి ఆవిడ. ఆవిడది తప్పని ఎలా అనగలం? కానీ ఆపేసి మిగుల్చుకున్నది ఆస్పత్రి బిల్లు ముందు ఏ మూలకీ రాలేదు. శుభ్రంగా ఉంచి, ఇరవై ఆరులో పెట్టి, నిశ్చింతగా వాడుకోవడమూ పొదుపేనని ఇప్పుడు ఇద్దరం ఒప్పుకున్నాం.

మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్ మీద నెలకి రెండు ఆదివారాల చుట్టూ ఎర్రగీత ఉంటుంది. గీసింది అత్తయ్యే. ఆ పొద్దున నేను కాఫీ గ్లాసు పట్టుకుని పేపర్ తెరిచానో లేదో, లోపలి నుంచి కేక వినిపిస్తుంది.

‘అమ్మాయ్, ఏసీకి తలంటు పోశావా?’

మీ ఇంట్లో ఈ ఆదివారం ఆ కేక ఎవరు వేస్తారో చూసుకోండి మరి. ఎవరూ లేకపోతే మీరే వేయండి.